రసీదు

తెల్లవారుజాము అయిదుంబావుకి
శ్రీహరిపురంలో మా సందు
రిఫైనరీ మంట పడి నారింజరంగుగా ఉంటుంది.
నిద్రలో ఉన్న ధన్వికని భుజాన వేసుకుని
నాలుగు గుమ్మాలు దాటి
బంగారమ్మ మామ్మ నులకమంచం మీద దించుతాను.
నా చున్నీ కొస దాని పిడికిట్లో ఉండిపోతుంది.
ఒక్కో వేలూ విప్పడం
నా రోజులో మొదటి పని.
దువ్వాడ జోన్లో కుట్టుమిషను
ఆ తర్వాతిది.

పదమూడు వేల రెండొందలు జీతం.
అందులో మూడు వేలు మామ్మకి.
తక్కువని నాకు తెలుసు.
తనకీ తెలుసు.
ఒకటో తారీఖున ఆ నోట్లు ఇచ్చేటప్పుడు
ఇద్దరం పిల్లనే చూస్తాం.

పనికెళ్ళే తల్లులకి
పిల్లల్ని చూసుకునే ఖర్చులో సగం
ప్రభుత్వమే ఇస్తుందట.
"అట" అన్న మాట మీద
మా వీధి సగం బతుకుతుంది.
సగంపూట జీతం కోయించుకుని
వార్డు సచివాలయానికి వెళ్ళాను.
ఆధార్, రేషన్ కార్డు, జీతం చీటీ,
పుట్టిన పత్రం, పోలారావు లైసెన్సు కూడా
(లారీ మీద రాయపూర్లో ఉన్నాడు,
లైసెన్సు ఫోటో వాట్సాప్‌లో పంపాడు,
అడగని కాగితం కూడా పెట్టడం మాకు అలవాటు).

"అన్నీ ఉన్నాయక్కా," అంది సుహాసిని,
"సంరక్షణ కేంద్రం వాళ్ళ రసీదొక్కటే లేదు."

మా కేంద్రానికి రెండు మోకాళ్ళ నొప్పులు,
ఒక మంచం, ఒక రేడియో,
ఎడమ కంట్లో పొర.
రిజిస్ట్రేషన్ నంబరు లేదు.

ఆ సాయంత్రం అడిగితే నవ్వింది మామ్మ.
"రసీదేటే? నానేటైనా దుకాణమెట్టానేటి?"
హార్బర్లో ఇరవై ఏళ్ళు రొయ్యలు వలిచిన వేళ్ళు
పిల్ల జుట్టులో చిక్కు తీస్తూనే ఉన్నాయి.
తన పిల్లలిద్దరూ
ఐసు పెట్టెల నీడలో, గోనె మీద పెరిగారట.
వాళ్ళని ఎవరు చూసేవాళ్ళని అడిగాను.
"కాకులు," అంది.
అది హాస్యమో కాదో నాకు తెలియలేదు.

తర్వాత లేచి తలుపు వెనక్కి జరిపింది.
గోడ నిండా బొగ్గు గీతలు.
నా బాకీ అనుకున్నాను, గుండె ఆగింది.
"డబ్బుల లెక్క కాదే పిచ్చిదానా.
గుంట కడుపునిండా తిన్న దినం పెద్ద గీత.
తిననంటే చిన్నది.
జొరమొస్తే అడ్డగీత."
పద్నాలుగు నెలలు,
నేను లేని నా కూతురు
సున్నం మీద నల్లగా.

ఫోటో తీసి తీసుకెళ్ళాను.
సుహాసిని చాలాసేపు చూసింది.
"దీన్ని ఏ గడిలో పెట్టనక్కా?"
అంతలో తన ఫోను మోగింది.
తల పక్కకి తిప్పి, గొంతు తగ్గించి,
"పాలు మరీ వేడిగా ఇవ్వకండి అత్తయ్యా" అంది.
ఫోను బోర్లా పెట్టింది.
తెల్లకాగితం ఒకటి లాగి తనే రాయసాగింది,
ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా.

వేలిముద్ర వేయమంటే మామ్మకి కోపమొచ్చింది.
"సంతకమే ఎడతాను."
రాత్రిబడిలో నేర్చిన నాలుగు అక్షరాలు
గడి దాటి, గీత దాటి,
కింద "అధికారి ఉపయోగార్థం" అన్న చోట
మ్మ ఆగింది.

రెండు నెలలయింది.
ఫోన్లో చూస్తే పరిశీలనలో ఉంది అని వస్తుంది.
వస్తే మామ్మకి ఇంకో వెయ్యి కలుపుతాను.
ఈ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు,
పోలారావుకి కూడా.

ఇవాళ ఓవర్‌టైమ్.
వచ్చేసరికి ఎనిమిదిన్నర, పిల్ల నిద్రపోయింది.
అలవాటయిపోయింది, ముందు తలుపు వెనకే చూశాను.
చిన్న గీత.

"ఏం, తినలేదా?"

"ఏడున్నర దాకా తలుపు కాడే కూకుంది," అంది మామ్మ,
"నువ్వొచ్చాక తింటానని."