ఒక్క మెతుకు

అమెరికోల్ల సంగతి
మా వాడల అందరికంటె ఎరుకైనోడు
ఆడెపు రామలింగం.
ఢిల్లీ దాటి పోలేదు గని
ఆడ ఎగ్జిబిషన్ల పదిరోజులు
శత్రంజీలు పరిచి కూసున్నడు.

"ఎట్లున్నవ్ అని అడుగుతరు,
జవాబు నోట్లె ఉండంగనే
ఆడికెల్లి నడిచిపోతరు.
దేనికైనా థ్యాంక్యూ, గడపకు సుత థ్యాంక్యూ.
పండ్లన్ని కనవడేటట్టు నవ్వుతరు,
ఆ నవ్వు లోపటికి పోదు.
గొంతు పెద్దది, జేబు పెద్దది,
గడియారమే దేవుడు."
కొత్తవాడ హోటల్ల పొద్దుగాల
ఇట్ల ఒక దేశం దేశాన్నే
సాసర్ల పోసి మాకు తాగిచ్చెటోడు.

మేమూ తాగినం.
కుండెడు అన్నానికి ఒక్క మెతుకు చాలంటరు,
ఈయిన పది మెతుకులు పట్టి జూసిండాయె.

పోయిన మాఘమాసంల
డార్లీన్ అనేటామె వచ్చింది.
అరవై దాటినయి, మోకాలుకు పట్టీ,
కండ్లద్దాలకు మెడల తాడు.
ఊరు ఒహాయోల అంట.
"ఓహో, యా!" అన్నడు మా చిన్నోడు.
అందరికంటె ముందు ఆమెనే నవ్వింది
పండ్లన్ని కనవడంగ.
రామలింగం నా దిక్కు జూసి కన్నుగొట్టిండు.

థ్యాంక్యూలు లెక్కవెట్టినం.
చాయ్‌కి ఒకటి, స్టూలుకు ఒకటి,
దారపుండ నోట గరుసుకపోయే పిల్లికూనకు ఒకటి.
గొంతు పెద్దదే,
పంజా సప్పుడు మీదికెల్లి ఇనవడ్డది.
గడియారం మాత్రం
ఎడమచేతికి లేదు, కుడిచేతికి లేదు.
జేబు సంగతంటరా,
అంచుకాడ పేక తప్పిన శత్రంజి ఏరుకొని
ఆ తప్పును వేలువెట్టి సూపెట్టి
యాభై రూపాయలు తగ్గియ్యమన్నది
మా పెద్దవ్వ బీట్‌బజార్ల
చింతపండుకు బేరమాడినట్టె.

మేమేమన్న తక్కువనా?
వయసెంత, జీతమెంత, పిలగాండ్లెందరు, మొగడేడి,
గిలాస కింద వెట్టకముందే
అన్నీ అడిగింది మా ఇంటిది.
తర్జుమా జేసే రవళి
సిగ్గుతోని సగం మింగింది.
ఆమె ఒళ్లె చిన్న పుస్తకం ఉండె.
అండ్ల రాసుకున్నదంట:
'వీళ్లు కాదని చెప్పరు,
తల అడ్డంగ ఊపితే అవునని.'
నిజమేనా అని నన్నడిగింది రవళి.
నేను తల అడ్డంగ ఊపిన.

గప్పుడు నా దిక్కు తిరిగి
"ఎట్లున్నరు?" అన్నది.
"సూడు, ఇగ పోతది" అని గొణిగిండు రామలింగం.

నాకేం బుద్ధి పుట్టిందో,
పరీక్ష వెడదామని
నిజంగ చెప్పుడు మొదలువెట్టిన.
మగ్గం గుంటల తేమకు కాళ్లు గుంజుడు,
సొసైటీల ఆగిన బిల్లు,
పిరమైన నూలు.
అక్కడ ఆగుదామనుకున్న, నోరు ఆగలే.
ఆజంజాహి మిల్లుల మా నాయిన
ఇరవై ఆరేండ్లు సాంచెలు నడిపి
ఒకనాడు గేటుకు తాళం జూసి తిరిగొచ్చుడు,
మూత తియ్యని టిఫిను
అట్లనే గూట్లె వెట్టుడు,
మూడొద్దులు దాన్ని ఎవ్వల ముట్టనియ్యకపోవుడు.
మా ఇంటిదానికి సుత
ఏనాడు చెప్పని ముచ్చట.

రవళికి గొంతెండింది.
చాయ్ మీద మీగడ గట్టింది.
ఆమె నడిచిపోలే.
టిఫిను కాడికి రాంగనే
ఆ పండ్లన్ని మూసుకున్నయి.
చాలసేపటికి ఒక్కటే అడిగింది,
సన్నటి గొంతుతోని:
"టిఫిన్ల ఏముండె?"
"మక్కగడ్క, పుంటికూర" అన్న.
పుంటికూరను ఇంగ్లీషుల ఏమంటరో
రవళికి రాలే.
ఫరవాలేదన్నట్టు తల ఊపింది,
అడ్డంగ.

పొద్దుగూకంగ ఆటో ఎక్కి
హనుమకొండ దిక్కు పోయింది.

రామలింగం హోటల్ల ఇప్పుడు
కొత్త మాట కలిపిండు:
"అమెరికోల్లు ఎదుటోని బాధ మస్తు ఇంటరు."
"ఎందరిని జూసినవ్ బావా?"
"ఒక్కామెను."

మోకాలుకు ఆ పట్టీ ఎందుకో,
ఇల్లు ఇడిసి ఇంత దూరం ఎందుకొచ్చిందో,
గూట్లె టిఫిను అంటె
అంత సక్కగ ఎట్ల సమజైందో,
మాకు తెల్వది.
"మీరెట్లున్నరమ్మా" అన్నోడు లేడు
ఆనాడు ఆ ఇంట్ల.

మా గురించి పుస్తకంల
ఇంకేం రాసుకున్నదో.
'అన్నీ అడుగుతరు' అని రాసే ఉంటది.
పంజా చేతవట్టినప్పుడల్ల
ఆ ఒక్క గీత
నేనే పోయి కొట్టెయ్యాలనిపిస్తది.