ముందు బండి

నార్కట్‌పల్లి దాటంగనె హరియన్న
జీపు మీద పసుప్పచ్చ లైటు తిప్పవట్టిండు.
ఎన్క నూట ఇరవై చక్రాల ట్రైలరు,
దాని మీద తాడిపత్రి కప్పుకున్న ట్రాన్స్‌ఫార్మరు.
ముందు మేము, గంటకు పన్నెండు కిలోమీటర్లు.

ఒకప్పుడు మద్రాసు ట్రాకు మీద
మలుపు మొఖం మీదికొచ్చెదాక బ్రేకు తొక్కనోడంట.
ఆఖరి ఏండ్లు ఆడనే సేఫ్టీ కారు తోలిండంట,
ఎవడన్న బోర్లపడితే
కొట్లాడెటోళ్లందరిని మెల్లగ తిప్పుకొచ్చే కారు.
ఇదంత నాకు ఎవరో చెప్పిన్రు.
ఆయన సీటు కింద మాత్రం, పేలికల నడుమ,
ఒక చెంప గీరుకపోయిన హెల్మెట్.
నంబరు పదిహేడు.

నల్లగొండ బైపాసు కాడ బుల్లెట్ మీద ఒక పోరడు
సర్రున కోసుకొచ్చి,
"తాతా, నడుస్తదా బండి?" అని నవ్విపోయిండు.
గేరు మీద చెయ్యి బిగిసింది.
మూడుల పడి, మళ్ల రెండులకొచ్చింది.

తిప్పర్తిల తీగలు కిందికున్నయి.
నేను దిగి వెదురుకర్రతోని లేపి పట్టిన.
ఆయన అద్దంల ట్రైలరును
పొయ్యి మీది పాలను చూసినట్టు చూస్తుండు.

మిర్యాలగూడ మిల్లుల ఊక వాసన రాంగ అన్నడు:
"ముందుండుడు నాకు కొత్త గాదు పిలగా.
గెలుసుడు లేకుంట ముందుండుడు,
గదే శానా రోజులు వట్టింది."

దామరచర్ల గేటు కాడ తెల్లారింది.
ట్రైలరు లోపటికి మళ్లింది.
మా దిక్కు చూసినోడు లేడు.
జీపు పక్కకు తీసి లైటు బందు చేసిండు.

వాపసు తొవ్వంత ఖాళీ.
నేను బెల్టు బిగించుకోని కూసున్న.
ఆయన స్పీడు పెంచనే లేదు.
ఎన్క ఏం లేకున్నా
అద్దం దిక్కు చూస్తనే ఉన్నడు.