ఠలో చుక్క

జాంబాగ్‌లో ఉబ్బెత్తుగ చెక్కించిన టేకు పలక:
విఠాబాయి, కుట్టుమిషన్ల రిపేరు.
ఎనభై నంబరు గరుకు కాయితంతో మొదలువెట్టిన.
"నార వెంబడే రుద్దు, అడ్డం పోకు"
చాయ్ ఊదుకుంట అన్నడు పాలిష్ జబ్బార్.
నూటిరవై. రెండొందలిరవై.
అక్షరాల సందులల్ల కాయితం పట్టక
అగ్గిపుల్లకు చుట్టి తిప్పిన.

పొట్టు ఊది చూస్తే
ఠలో చుక్క లేదు.
నేనే అరగదీసిన.

"ఎవరు చూస్తరు?" అన్నడు.
కరెంటు పోయినంక గూడ
సూదిల దారం ఎక్కించే మనిషి ఆమె.

మొలతోని గుచ్చిన.
గోధుమరంగు స్టెయిన్ పలకంతా ఒక్కతీరుగ తాగింది,
ఆ గుంట మాత్రం
ఇంకింత అడిగింది.

సాయంత్రం దుకాణంల
అమ్మ వేలువెట్టి తడిమింది.
"చుక్క లోపలికి పోయిందేందిరా"
అనుకుంటనే మిషన్‌కు నూనె పోసింది.