పైనుంచి వచ్చే చెయ్యి

చెప్పుల అట్టపెట్టెలో తెచ్చింది మిలుస్కా
రెండు గినీ పిగ్గుల్ని. ఒకటి గోధుమరంగు. ఒకటి
ఎవరో తొందరలో సున్నం కొట్టి వదిలేసినట్టు సగం తెలుపు.
మా అమ్మ మూత ఎత్తి, వేళ్ళతో నడుం పట్టి చూసి
"ఇంకో రెండు నెలలు మేపాలి" అంది.
నా కూతురు ఏడ్చిన ఏడుపుకి
కొండ కింది మెట్ల వీధి దాకా కుక్కలు లేచాయి.

లీమాలో వాన పడదు.
పొగమంచే రాత్రంతా రేకుల కప్పు మీద చెమటలు పోస్తుంది.
ఆ కప్పు కింద, నా కుట్టుమిషను పక్కన, పంజరం.
అంగడివాడిచ్చిన చీటీ గోడకి అంటించింది పిల్ల:
మూడు రోజులు ముట్టుకోవద్దు.
దాక్కోవడానికి చోటివ్వండి.
అమ్మకి చదువు రాదు. వినిపిస్తే నవ్వింది.
"దాక్కునే చోటా? మా ఊళ్ళో పొయ్యి కిందంతా వాటి ఇల్లే.
ముప్ఫై ఉండేవి. చీకట్లో కూయ్ కూయ్ అంటుంటే
మాకు నిద్ర పట్టేది. అవి ఆగిపోతే మెలకువొచ్చేది.
నక్కో, దొంగో, సైనికులో."

మూడు రోజులు మిషను తొక్కొద్దని నాకు ఆంక్ష.
గురువారానికి అరవై బడి చొక్కాలు ఇవ్వాలి.
కాజాలన్నీ చేత్తో కుట్టాను.

నాలుగో రోజు పిల్ల చెయ్యి లోపల పెట్టింది.
రెండూ రాళ్ళయిపోయాయి. ఊపిరి తీస్తున్న రాళ్ళు.
"నేనంటే ఎందుకు భయం? నేనేం చేశాను?"
అమ్మ బంగాళాదుంప తొక్క తీస్తూ, తలెత్తకుండా,
"పైనుంచి వచ్చే చెయ్యి ఎవరిదైనా గద్దే" అంది.
"నేల మీద కూర్చో. నీ మొహం చంద్రుడంత ఎత్తులో ఉంటే
వాటికెట్లా?"

నీకెట్లా తెలుసని మిలుస్కా అడగలేదు.
నాకు తెలుసు.
ఎనిమిదేళ్ళప్పుడు పొయ్యి పక్కన కూర్చుని చూసేదాన్ని
ముప్ఫైలో ఒకదాన్ని ఎంచే ఆ చెయ్యి,
మెడ దగ్గర ఆ రెండు వేళ్ళు, ఒక్క విరుపు,
సిలువ గీసుకున్నంత సేపు.
పండగనాడు మాకెంత ఆకలి! ఎంత రుచి!
అబద్ధం ఎందుకు చెప్పాలి.

కొత్తిమీర కాడ పట్టుకుని అరగంట కదలకుండా ఉండడం
తొమ్మిదేళ్ళ పిల్లకి ఎవరు నేర్పగలరు?
అమ్మ నేర్పింది.
"ఇవ్వకు. ఊరికే ఉంచు. కావాలంటే అవే వస్తాయి."
"ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద.
వెనక కాళ్ళు గాల్లో వేలాడితే వాటికి ప్రాణం పోయినట్టే.
గుండెకి ఆనించుకో. ఊఁ. గట్టిగా ఊపిరి తీయకు."
మొదటి రోజు పది లెక్కపెట్టే దాకా. మర్నాడు ఇరవై.
పళ్ళు కటకటలాడిస్తే దింపెయ్యాలి, అది కోపం.
ఒళ్ళు తడిపితే నవ్వెయ్యాలి, అది ఉచ్చ.

ఓ మధ్యాహ్నం నేను చొక్కాలు ఇచ్చి వచ్చేసరికి
పిల్ల బళ్ళో ఉంది.
అమ్మ నేల మీద, గోడకి ఆనుకుని, నిద్ర.
ఒకదాని మీదొకటి కట్టిన లంగాల ఒళ్ళో సగం తెలుపుది
పాత మోటారులా లోలోపల గుర్రుమంటోంది.
ఆ రెండు వేళ్ళు, అవే,
దాని చెవి వెనక నిద్రలోనే కదులుతున్నాయి.
పేరు పెట్టనంది కదా అమ్మ, పెడితే ముద్ద గొంతు దిగదని.
నిద్రలో ఏదో పేరుతో పిలిచింది, కెచువాలో.
మిలుస్కాకి చెప్పలేదు నేను. మీకూ చెప్పను.

మొన్న ఆదివారం పెద్దమ్మ పుట్టినరోజు, కొండకి అవతల.
వేరుశెనగ పులుసులో, నిండు పళ్ళెంలో వచ్చింది.
అమ్మ తింది. కాళ్ళు కూడా వదల్లేదు.
ఇంటికొచ్చి సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని
పంజరం ముందు కూర్చుని చెయ్యి చాపింది.
రాలేదు. రెండూ చెప్పుల పెట్టెలోకి దూరిపోయాయి.

నేనైతే తిట్టేదాన్ని.
అమ్మ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.
చాలాసేపు గోడ మీది చీటీకేసి చూసి
"అందులో మొదటి మాట ఏమిటన్నావే?" అని అడిగింది.
"మూడు రోజులు, అమ్మమ్మా."
"మూడు రోజులు" అంది.
అక్కణ్ణుంచి లేవలేదు.