తగ్గిన తూకం

గాబన్ దేశంలో, మునానా గని గేటు దగ్గర
ఒక సాయంత్రం లెకోగో అన్నం డబ్బా మూత తీసి చూశారు.
ఉడికించిన కర్రపెండలం ఉంది. ఎండుచేప తోక ఉంది.
పోయిందేమో అందులో లేదు.

పోయిందేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు.
సముద్రానికి అవతల ఫ్రాన్సులో
తెల్లకోటు గుమాస్తా ఒకడు
పదివేల యురేనియం పరమాణువుల్లో
తేలికరకానివి డెబ్బై రెండు ఉండాలని,
ఏ కొండ తవ్వినా, చంద్రుడి మట్టి తెచ్చినా
అంతే ఉండాలని,
ఈ రాయిలో నలభై నాలుగే తేలాయని
మూడోసారి లెక్కపెట్టి చెమటలు కక్కాడు.

లెక్క తప్పితే ముందు
కావలివాడి డబ్బా మూతే లేస్తుంది.

దొంగ తర్వాత దొరికింది,
దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల వెనక.
అప్పటికి చేప లేదు, ఆకు లేదు, గేటు లేదు.
తేలికరకం అప్పట్లో వందకి మూడు పైన,
బలగం ఉన్న రోజులు.
ఇసుకరాతి సందుల్లోకి నీళ్లు దిగాయి.
రాయి దానంతటదే రాజుకుంది.
అరగంట కాగేది. నీళ్లు ఆవిరై పోతే
రెండున్నర గంటలు చల్లారేది.
మళ్లీ ఊట, మళ్లీ సెగ.
ఎవరికీ వండిపెట్టని పొయ్యి
లక్షల ఏళ్లు.

ఇప్పుడెంత వాన కురిసినా అంటుకోదు.
డెబ్బై కోట్ల ఏళ్లకోసారి సగమవుతూ
ఆ బలగం చితికిపోయింది.
బరువురకం నాలుగొందల యాభై కోట్ల ఏళ్లకి గాని సగం కాదు,
అందుకే మిగిలింది. థోరియం ఇంకా నిదానం, ఇంకా ఎక్కువ.
తొందరపడే ఫ్రాన్షియం
భూగోళమంతా గాలించినా గుప్పెడుండదు.
నేలకి ఓపికే ఆస్తి.

లెకోగోకి అంత ఓపిక లేదు.
దగ్గు మొదలైన మూడో ఏడు పోయాడు.

గని మూసేశాక ఒక కుర్రాడు
టిక్కుటిక్కుమనే పెట్టెతో వచ్చాడు.
పెలాజీ ఇంటి గోడ దగ్గర పెట్టె ఊపిరాడనట్టు కొట్టుకుంది.
గనిలో పారేసిన రాయితో కట్టిన గోడ, ఉచితంగా దొరికింది.

"ఎప్పటికి ఆగుతుంది?"
"సగం అవడానికి..." అని మొదలెట్టి,
తర్వాత ఆ సగంలో సగమని చెప్పి,
ఆవిడ ముఖం చూసి ఆపేశాడు.

"ఆ రోజు మా ఆయన డబ్బాలో వెతికారు," అంది పెలాజీ.
"ఛాతీలో వెతకాల్సింది."

కుర్రాడు పెట్టె ఆపాడు. గోడ ఆగలేదు.
ఆవిడ వల అంచుకి సీసపు గుళ్లు కట్టుకుంటూ కూర్చుంది.
సీసమంటే, కొంత, అలిసిపోయిన యురేనియమే.
ఎన్ని మెట్లు దిగి వచ్చిందో,
ఇక దిగదు.
ఆవిడ ఒక్కో గుండునీ పంటితో నొక్కబోయి
ఎందుకో రాయితో కొట్టింది.