మిగిలిన ఐదు ఆదివారాలు

ఫారో దీవుల్లో మా ఊరికి
పాస్టరుగారు ఆరు వారాలకొకసారి పడవలో వస్తారు,
అదీ సముద్రం ఒప్పుకుంటేనే.
మిగిలిన ఐదు ఆదివారాలూ ఈసకుర్ చదివేవాడు,
అట్ట ఊడిన పుస్తకంలోంచి ఎవరో ఎప్పుడో రాసిన ప్రసంగం,
వాతావరణ వార్తలు చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా.
నలభై ఒక్క ఏళ్లు.
మార్చిలో పోయాడు.

ఆయన భార్య బిల్‌హిల్డ్ వచ్చి
బూట్లు విప్పకుండానే
కళ్లజోడు పెట్టె నా బల్లమీద పెట్టింది.
"ఇక నువ్వు చదువు."
కాఫీ అడగలేదు. అదే నన్ను భయపెట్టింది.

నేనా?
పదిహేడేళ్లుగా కార్ఖానాలో కాడ్ చేపల వెన్ను చీల్చేదాన్ని.
నా గోళ్ల కింది వాసన ఏ సబ్బుకీ లొంగదు.
కత్తి జారితే నా నోట్లోంచి ఊడిపడే మాటల్ని
రేవులో మగాళ్లు అరువు తీసుకుంటారు.
మా అన్న టోర్లాకుర్‌తో ఒక పొట్టేలు గురించి
తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.
ఆ పొట్టేలు చచ్చే ఎనిమిదేళ్లయింది.
ప్రార్థన అంటే నాకొచ్చింది ఒక్కటే:
గాలివాన రాత్రి పళ్లు బిగబట్టి
ఎన్ని దీపాలు రేవులోకి తిరిగొచ్చాయో లెక్కపెట్టడం.

అన్నీ వరసగా అప్పజెప్పాను.
బిల్‌హిల్డ్ చివరిదాకా వింది.
"ఇవి ఊరంతటికీ తెలుసు. ఇంకేమైనా ఉందా?"
లేదు.
"ఆయన మంచం పట్టిన నాటినుంచీ గుడిలో పొయ్యి ముట్టిస్తున్నది నువ్వు.
తాళంచెవి నీ మేకుకే వేలాడుతోంది.
మరి నన్నెక్కడ వెతకమంటావు?"

పిలుపంటే పొద మండాలనుకునేదాన్ని.
చెట్టూ పొదా మొలవని దీవి మాది.
ఇక్కడ మండేదేదైనా ఉంటే ఆ ఇనప పొయ్యే,
అదీ
నేను పుల్ల గీస్తేనే.

శనివారం రాత్రి పుస్తకం తెరిచాను,
నావల్ల కాదని నాకు నేనే రుజువు చేసుకోడానికి.
అంచుల నిండా ఈసకుర్ పెన్సిలు గీతలు.
దేవుడి గురించి ఒక్క ముక్క లేదు.
"నైరుతి గాలి. పదకొండుమంది."
"మంచు. నలుగురు, ఒక కుక్క."
"ఇక్కడ దగ్గొచ్చింది."
ఒక పేజీలో, తేదీ చెరిగిపోయినచోట:
"పెద్ద గాలి. ఎవరూ రాలేదు. చదివాను."

ఆ మాట మీద వేలు పెట్టి
చాలాసేపు కూర్చున్నాను.
కాఫీ చల్లారిపోయింది.

మర్నాడు వేదిక ఎక్కలేదు, అది పాస్టరుగారిది.
కింది మెట్టుమీదే నిలబడ్డాను,
ఈసకుర్ బూట్లు చెక్కను గుంట చేసిన చోట.
నా పాదాలు ఆ గుంటల్లో వదులుగా ఉన్నాయి.
కళ్లజోడూ వదులే.
మూడో వాక్యానికే జారి పుస్తకంమీద పడింది,
కార్ఖానా మాట నాలుక చివరిదాకా వచ్చింది.
సగం మింగాను. మిగతా సగం
ముందు బెంచీలో చెవిటి హెర్గైర్‌కి ఎలా వినిపించిందో మరి,
గట్టిగా ఆమేన్ అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. బిల్‌హిల్డ్ కాస్త నవ్విందేమో.
వరస పోయింది, వెతుక్కుని మళ్లీ అందుకున్నాను.
నా గొంతు నాకు పరాయిగా లేదు, పవిత్రంగానూ లేదు.
కూలి లెక్క చదివే గొంతే.
మాటలు మాత్రం
నాకంటే ముందు నడిచాయి,
పొగమంచులో దారి తెలిసిన గొర్రెలా.

అందరూ వెళ్లాక పెన్సిలు తీశాను.
"వాయవ్య గాలి. తొమ్మిదిమంది."
తరవాత గుర్తొచ్చింది,
రెండో కీర్తన దగ్గర తలుపు సందులోంచి వచ్చిన పొగాకు వాసన.
ఆ పొగాకు నాకు తెలుసు.
లోపలికి రాలేదు. అలాగని వెళ్లిపోనూలేదు.
తొమ్మిది కొట్టేసి పది వేశాను.

పొయ్యిలో బూడిద తీసి, తాళం వేసి,
కళ్లజోడు కాడకి దారం చుట్టుకుంటూ దిగాను.
రేపు ఆరింటికి కత్తి నూరుకోవాలి.
ఇంకా నాలుగు ఆదివారాలు.