వేణ్నీళ్లకు చన్నీళ్లు

శనివారం రాత్రి పదకొండున్నరకి
బేస్‌మెంట్ మెట్లు దిగితే కుడికాలి మేజోడు తడిసింది.
లాండ్రీ బుట్ట ఇంకా చంకలోనే ఉంది.
కుక్క లేదు, చంటిపిల్లలు లేరు,
ఎవరిమీదా నెట్టడానికి వీల్లేని తడి.

మూలనున్న హీటర్ కింద
పళ్లెమంత నీడ.
చూస్తుండగానే అది విస్తరాకంత అయింది.

పైన వదిన గదిలో లైటు వెలుగుతోంది.
మా ఇద్దరికీ మాటల్లేక పదకొండు రోజులు.

నెలనెలా ఒకటో తారీకున ఆవిడ
కాఫీ డబ్బా కింద పెట్టే నాలుగు వందల డాలర్ల గురించి
ఫోన్లో మా అక్కతో అన్నాను:
"వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు."
సామెతే. మా అమ్మ చీటీ డబ్బుకీ అదే అనేది,
మేకను అమ్మిన డబ్బుకీ అదే అనేది.
గుమ్మం అవతల వదినకి సగమే వినబడింది.
"అయితే నేను చన్నీళ్లనా?"
నేను నీళ్లు నమిలాను.

ఇప్పుడు మెట్ల మీంచి పిలిచాను,
పేరు లేకుండా, వరస లేకుండా:
"కారుతోంది."

వచ్చింది.
డాల్టన్ మిల్లులో రెండో షిఫ్టు దిగిన చొక్కా మీదే,
భుజాల మీద ఇంకా నైలాన్ నూగు.
వంగి, కార్పెట్ మీద అరచెయ్యి ఆనించింది,
జ్వరం చూసినట్టు.
"అడుగుపొర కూడా తాగేసింది. రెండు రోజులై ఉంటుంది"
అంది, నాతో కాదు, కార్పెట్‌తో.

ముందు కరెంటు.
ప్యానెల్ తలుపు లోపల పాత ఇంటాయన పెన్సిల్ రాత,
వాటర్‌కి ఒక టీ ఎక్కువ.
ముప్ఫై ఆంపుల జంట మీట, టప్పున పడింది.
తర్వాత చన్నీళ్ల పైపు.
"ఎడమకా?"
"కుడికి."
"నా కుడికా, మీ కుడికా?"
ట్యాంకుకి చెరోవైపు నిలబడ్డవాళ్లం
ఒక్క క్షణం ఆగిపోయాం.

పేపర్ టవల్‌తో తుడిచాం. టార్చి వేసి కాచుకున్నాం.
వాల్వు దగ్గర పొడి. గొట్టం అతుకు దగ్గర పొడి.
అడుగున మాత్రం మళ్లీ
సన్నగా, తుప్పురంగు గీత.
"ట్యాంకే పోయింది."
దీనికి అతుకు లేదని ఎవరినీ అడగకుండానే చెప్పింది.

తోటపైపు తగిలించి వెనక తలుపులోంచి బయటికి వదిలాం.
ఫిబ్రవరి. చట్టనూగా అంతా కిటికీలు బిగించుకుని పడుకుంది.
యాభై గాలన్లు,
రేపటి ఆవిడ స్నానం, నా స్నానం, అంట్లు,
గడ్డి మీద పొగలు కక్కుకుంటూ
పక్కింటి మెయిల్‌బాక్సు దాకా పోయాయి.
చివర్న సున్నం వచ్చింది,
గుప్పెళ్ల కొద్దీ, గుడ్డుపెంకుల్లా.
ఇన్నేళ్లూ అడుగున ఇంత దాచుకుని
పైకి వేణ్నీళ్లే ఇచ్చింది.
నేను ఏదో అనబోయాను.
"పైపు మడత పడింది చూడు" అంది వదిన.

డారిల్ అనే ప్లంబరు పొద్దున్నే ఫోనెత్తాడు,
సోమవారం గానీ రాలేడట.
పద్నాలుగు వందల ఎనభై.
పైన ఒక ఎక్స్‌పాన్షన్ ట్యాంకట, పర్మిట్టట,
పాతదాన్ని మోసుకెళ్లినందుకు ఇంకొంతట.
తడిసి మోపెడు.
ఆ మాట పైకే అన్నట్టున్నాను.
వదిన నవ్వింది.
ముక్కుతోనే. అయినా నవ్వింది.

స్టవ్ మీద ఇడ్లీ పాత్ర అడుగుది ఒకటి, పాస్తా గిన్నె ఒకటి,
రెండూ మసిలేదాకా మాట్లాడలేదు.
స్నానాలగదిలో పాత పెయింటు బకెట్.
ఆవిడ మోసుకొచ్చి పోసింది,
నేను కుళాయి తిప్పి తొరిపాను.
"చెయ్యి పెట్టి చూడండి."
"కాలుతోంది."
"ఇంకో చెంబు?"
"చాలు, చాలు. ఒళ్లు తెలీదా ఏం?"

తలుపు గడియ పడ్డాక లోపల్నించి:
"ఒకటో తారీకున ఐదొందలు పెడతాను.
సామెతలు మాత్రం మీ అక్క దగ్గరే ఉంచుకో."

కింద, చివర మడిచిపెట్టిన కార్పెట్ మీద
టేబుల్ ఫ్యాను తిరుగుతూనే ఉంది.